గారీ గైగాక్స్

ఎర్నెస్ట్ గారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) ప్రముఖ అమెరికన్ ఆటల రూపకర్త, రచయిత, ప్రచురణకర్త. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఇతడు రూపొందించి 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, వాణిజ్యపరంగా ప్రచురింపబడిన మొట్టమొదటి రోల్ ప్లేయింగ్ గేమ్‌గా, అనగా పాత్రధారణ ఆటగా, పరిగణింపబడుతున్నది. నేడు కంప్యూటరుపై ఆడే అనేక సాహస క్రీడలకు మూలం ఈ ఆటయే.

ఆటను సృష్టించినవానికి దానిపై ఎంతవరకు అధికారం ఉంటుంది, దానిని ఆడేవారికి ఎంతవరకు స్వేచ్ఛ ఉంటుంది అన్న వివాదం ఇతని జీవితమంతటా కొనసాగింది. ఆ వివాదంలో ఇతడు వేర్వేరు కాలాలలో రెండు పక్షాలా నిలిచాడు.

బాల్యం, యౌవనం

గైగాక్స్ చికాగో నగరంలో జన్మించాడు. తండ్రి స్విట్జర్లాండు నుండి వలస వచ్చినవాడు; చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించాడు. గైగాక్స్‌కు ఎనిమిదేళ్ళ వయసులో, 1946లో, కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణానికి తరలివెళ్ళింది. అది తల్లి వైపువారి ఊరు. గైగాక్స్ జీవితంలో అత్యధిక భాగం అక్కడే గడిచింది.

రాత్రివేళ తండ్రి చెప్పే మాంత్రికుల కథలతో ఇతనికి అద్భుత సాహిత్యంపై మక్కువ కలిగింది. తరువాత రాబర్ట్ ఇ. హోవార్డ్, ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్ మొదలైనవారి రచనలను విరివిగా చదివాడు. చదరంగం కూడా బాల్యంలోనే పట్టుబడింది. ఉన్నత పాఠశాల చదువును మధ్యలోనే మానివేసినా పుస్తక పఠనాన్ని మాత్రం విడువలేదు. ఇతడు వ్రాసిన నియమ గ్రంథాలలో నిఘంటువు చూడనిదే అర్థం కాని పాత పదాలు కోకొల్లలు. ఆటకోసం వాటిని చదివిన బాలలు తెలియకుండానే ఎంతో భాష నేర్చుకున్నారనడంలో అతిశయోక్తి లేదు.

1958లో మేరీ జో పావెల్‌తో వివాహం జరిగింది. కుటుంబ పోషణకై చికాగోలో ఒక బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆ కాలంలోనే అవలాన్ హిల్ సంస్థవారి గెటిస్‌బర్గ్ అనే యుద్ధక్రీడ ఇతని చేతికి వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలోని ఒక పోరాటాన్ని బల్లపై పటం పరచి ఆడే ఆట అది. అప్పటినుండి ఇతని తీరిక సమయమంతా ఇటువంటి ఆటలకే అంకితమైంది.

ఔత్సాహికుల లోకం

ఆనాడు యుద్ధక్రీడలు ఆడేవారు దేశంలో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉండేవారు. వారిని కలిపినవి ఉత్తరాలు, చేతితో నకళ్ళు తీసి పంచుకునే చిన్న పత్రికలు. నియమాలలోని లోపాలను ఎత్తిచూపడం, కొత్త నియమాలను ప్రతిపాదించడం, వాటిపై మరుసటి సంచికలో మరొకరు వాదించడం - ఇదే ఆ పత్రికల సారాంశం. అక్కడ రచయిత వేరు, పాఠకుడు వేరు అన్న భేదం దాదాపు లేదు. గైగాక్స్ ఈ పత్రికలకు విస్తారంగా వ్రాశాడు. 1960ల ద్వితీయార్ధంలో ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ వార్‌గేమర్స్ అనే సంఘం స్థాపకులలో ఒకడయ్యాడు.

1967లో దాదాపు ఇరవైమంది మిత్రులు ఇతని ఇంట సమావేశమై ఆటలాడారు. మరుసటి సంవత్సరం ఆగష్టులో 50 డాలర్ల అద్దెకు లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాలును తీసుకొని బహిరంగంగా సమావేశం జరిపాడు. అదే జెన్ కాన్. 1969లో జరిగిన రెండవ సమావేశంలో మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ ఇతనికి పరిచయమయ్యాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్

1970లో బీమా సంస్థలో ఉద్యోగం పోయింది. పెద్ద కుటుంబం, ఆదాయం అంతంతమాత్రం. గైగాక్స్ ఇంటివద్దనే చెప్పులు కుట్టుకుంటూ, మిగిలిన సమయంలో ఆటలు వ్రాశాడు. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి ఛెయిన్‌మెయిల్ అనే మధ్యయుగపు యుద్ధక్రీడా నియమాలను ప్రచురించాడు. దాని చివర మాంత్రికులు, డ్రాగన్లు పాల్గొనే యుద్ధాలకు ఒక అనుబంధాన్ని చేర్చాడు.

ఆ అనుబంధాన్ని ఆధారం చేసుకొని ఆర్నెసన్ తన మిత్రులతో బ్లాక్‌మూర్ అనే కొత్త తరహా ఆటను నడిపాడు. అందులో ఆటగాడు సైన్యాన్ని కాక ఒకే ఒక వీరుని పాత్రను వహిస్తాడు. ఆ వీరుడు కోట క్రింది నేలమాళిగలలో సంచరిస్తూ అనుభవం సంపాదించి, ఒక ఆటనుండి మరొక ఆటకు ఎదుగుతాడు. 1972 చివరలో ఆర్నెసన్ లేక్ జెనీవాకు వచ్చి దీనిని ఆడి చూపించాడు. దీని ప్రాముఖ్యాన్ని గైగాక్స్ వెంటనే గుర్తించాడు. ఆర్నెసన్ వద్దనున్న విడివిడి టిప్పణాలను తీసుకొని, తన ఆలోచనలు జోడించి, ఇతరులు ఆడుకోదగిన గ్రంథరూపం కల్పించాడు. ఊహ ఆర్నెసన్‌ది, గ్రంథరచన గైగాక్స్‌ది అని స్థూలంగా చెప్పవచ్చును గాని, ఎవరి పాలు ఎంత అన్నది నేటికీ అభిమానులు తెగని వాదనగా కొనసాగిస్తున్నారు.

ఈ ఆట తెలియని పాఠకులకు ఒక మాట. పులి-మేక, వైకుంఠపాళి వంటి ఆటలలో పలక మీద గీసిన గళ్ళే ఆటకు హద్దు. ఇందులో అటువంటి హద్దు లేదు. నిర్వాహకుడు ఒక సన్నివేశాన్ని వర్ణిస్తాడు. తక్కినవారు తమ పాత్రలు ఏమి చేస్తాయో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనచోట పాచికలు నిర్ణయిస్తాయి. అందువలన ఆడే ప్రతి బృందమూ నియమాలకు ఎంతో కొంత చేర్చుకోక తప్పదు. తరువాతి తగవులన్నింటికీ బీజం ఇక్కడే ఉన్నది.

ప్రచురణ, పెట్టుబడి

ప్రచురణకర్తలు ఎవరూ ఈ ఆటను స్వీకరించలేదు. 1973 అక్టోబరులో గైగాక్స్, బాల్యమిత్రుడు డాన్ కే కలిసి టాక్టికల్ స్టడీస్ రూల్స్ అనే సంస్థను స్థాపించారు. గైగాక్స్ చేతిలో పైకం లేదు. కే తన జీవిత బీమాపై అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టాడు. అదీ చాలకపోగా బ్రయన్ బ్లూమ్ అనే ఆటగాడు భాగస్వామిగా చేరి సొమ్ము సమకూర్చాడు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలతో కూడిన పెట్టెలు వెయ్యి సిద్ధమయ్యాయి. వెల 10 డాలర్లు. చేతితోనే సర్ది, అట్టలు అంటించి పంపిన ఆ వెయ్యి పెట్టెలు సంవత్సరం తిరగకముందే అమ్ముడుపోయాయి.

1975 జనవరిలో డాన్ కే 36 ఏళ్ళకే గుండెపోటుతో మరణించాడు. అతని వాటాను కొనే శక్తి గైగాక్స్‌కు లేకపోయింది. బ్లూమ్ తండ్రి దానిని కొన్నాడు. దీనితో సంస్థను పునర్వ్యవస్థీకరించి టి.ఎస్.ఆర్. హాబీస్‌గా మార్చినపుడు ఆధిక్యం బ్లూమ్ కుటుంబం చేతికి వెళ్ళింది. ఆట గైగాక్స్ పేరుతో ప్రసిద్ధమైనా సంస్థ అతని సొంతం కాలేదు.

అభిమానులతో సంవాదం

మొదటి పెట్టెలోని నియమాలు అసంపూర్ణం, అనేకచోట్ల అస్పష్టం. సందేహాలతో ఉత్తరాలు, ఫోనులు వెల్లువెత్తాయి. గైగాక్స్ ఆ పెట్టెలోని మూడవ పుస్తకం ముగింపులోనే, తామే అన్నీ ఊహించిపెట్టనక్కరలేదని, ఎవరికి తోచినట్లు వారు నిర్ణయించుకొనవచ్చునని సూచించి ఉన్నాడు. 1975లో లాస్ ఏంజిలెస్ నుండి లీ గోల్డ్ సంపాదకత్వంలో అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అనే పత్రిక మొదలైంది. ఆటగాళ్ళు తమ పుటలను తామే వ్రాసి పంపగా వాటిని కుట్టి పంచేవారు. గైగాక్స్ దానికి స్వయంగా లేఖ వ్రాసి, తాను ఉన్నంతకాలం ఆట ఒకే మూసలోకి పోకుండా చూస్తానని హామీ ఇచ్చాడు.

అభిమానుల ఊహలు ఆటలోనికి తిరిగి వచ్చాయి కూడా. దొంగ అనే పాత్రవర్గం కాలిఫోర్నియా ఆటగాళ్ళు కల్పించుకొన్నది. దానిని ఫోనులో విన్న గైగాక్స్ తనదైన రూపమిచ్చి 1975 నాటి గ్రేహాక్ అనుబంధంలో చేర్చాడు.

అయితే కాలక్రమేణా ఇతని స్వరం మారింది. 1976లో ప్రారంభమైన ది డ్రాగన్ పత్రికలో ఇతడు నడిపిన శీర్షిక మొదట సందేహ నివారణకు ఉపయోగపడినా, 1978 నాటికి మందలింపుగా పరిణమించింది. నియమాలను తిరగరాసేవారిని, సొంత పత్రికలలో విమర్శించేవారిని తీవ్రంగా దుయ్యబట్టాడు. 1977 - 1979 మధ్య మూడు పెద్ద గ్రంథాలుగా వెలువడిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఉద్దేశం దేశమంతటా ఒకే విధంగా ఆడించడం. పోటీలు జరగాలంటే ఏకరూపత అవసరమని ఇతని వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కాని పాత అభిమానులకు ఇది మాట తప్పడంగానే తోచింది. పైగా కొత్త గ్రంథాలపై ఆర్నెసన్ పేరు లేదు, రాయల్టీ లేదు. ఆర్నెసన్ 1979లో దావా వేయగా 1981లో రాజీ కుదిరింది. నియమాలను మార్చరాదని ఇతరులకు చెప్పిన గైగాక్స్ తన ఇంటి ఆటలో ఎన్నో నియమాలను పక్కన పెట్టేవాడని తరువాత తానే చెప్పాడు.

ఆరోపణలు

1979లో మిషిగన్‌లో ఒక విద్యార్థి అదృశ్యం కావడానికి ఈ ఆటయే కారణమని పత్రికలు వ్రాశాయి. అది నిజం కాదని తేలినా ఆట పేరు దేశమంతటా మ్రోగింది, అమ్మకాలు పెరిగాయి. 1980లలో కొన్ని మతసంఘాలు, తల్లిదండ్రుల సంఘాలు ఆటను క్షుద్రవిద్యగా నిందించాయి. 1985లో సి.బి.ఎస్. వారి 60 మినిట్స్ కార్యక్రమంలో గైగాక్స్ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. చంపుతామన్న బెదిరింపుల కారణంగా అంగరక్షకుని నియమించుకున్నాడు.

సంస్థనుండి నిష్క్రమణ

1983లో ఇతడు లాస్ ఏంజిలెస్ వెళ్ళి ఆట ఆధారంగా బొమ్మల ధారావాహిక నిర్మాణంలో పాల్గొన్నాడు. అక్కడ ఉండగా సంస్థ 15 లక్షల డాలర్ల అప్పులో ఉన్నదని తెలిసింది. తిరిగివచ్చి పగ్గాలు చేపట్టాడు. 1985లో తాను వ్రాసిన అనర్త్‌డ్ ఆర్కానా పుస్తకం అమ్మకాలు సంస్థను కొంత నిలబెట్టాయి. అదే సమయంలో నిర్వహణకై తాను తీసుకువచ్చిన లొరైన్ విలియమ్స్‌కు బ్లూమ్ సోదరులు తమ వాటాలను అమ్మివేశారు. 1985 అక్టోబరులో గైగాక్స్ పదవి పోయింది. న్యాయస్థానానికి వెళ్ళి ఓడిపోయాడు. 1986లో సంస్థతో సంబంధం పూర్తిగా తెగిపోయింది.

1992లో డేంజరస్ జర్నీస్ అనే కొత్త ఆటను వెలువరించగా పాత సంస్థయే దావా వేసింది. 1994లో రాజీపడి ఆ ఆట హక్కులు వదులుకోవలసి వచ్చింది. 1990ల మధ్యలో అదే సంస్థ, ఇంటర్నెట్‌లో సొంత కల్పనలను పంచుకుంటున్న అభిమానులకు కూడా లీగల్ నోటీసులు పంపింది. చివరకు అప్పులపాలై 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌కు అమ్ముడుపోయింది. కొత్త యజమాని పీటర్ ఆడ్కిసన్ గైగాక్స్‌కు మిగిలియున్న హక్కులకు ప్రతిఫలం చెల్లించి సంబంధాలు చక్కబరచాడు.

చివరి సంవత్సరాలు

1999లో లెజెండరీ అడ్వెంచర్ అనే సరళమైన ఆటను ప్రచురించాడు. అంతకన్నా ఎక్కువగా అభిమానులు గుర్తుంచుకున్నది, ఇతడు ఇంటర్నెట్ ద్వారా ఏళ్ళ తరబడి ఇచ్చిన సమాధానాలు. ముప్పై ఏళ్ళనాటి నియమంపై సందేహం అడిగిన అపరిచితునికి సైతం ఓపికగా, హాస్యంతో జవాబు వ్రాసేవాడు. ఎలా తోస్తే అలా ఆడుకొమ్మన్నది ఆ జవాబులలో తరచు వినబడే సలహా. 1975 నాటి లేఖలోని ధోరణికే ఇతడు తిరిగి చేరుకున్నాడు. లేక్ జెనీవాలోని ఇంటి వరండాలో, వచ్చిన అభిమానులతో ఆడేవాడు కూడా.

2004లో రెండుమార్లు పక్షవాతం వచ్చింది. ఉదర బృహద్ధమని వ్యాధితో బాధపడుతూ 2008 మార్చి 4న స్వగృహంలో కన్నుమూశాడు. మొదటి వివాహం విచ్ఛిన్నమైన తరువాత 1987లో గెయిల్ కార్పెంటర్‌ను వివాహమాడాడు. ఇతనికి ఆరుగురు సంతానం. తన సొంత కోట నేలమాళిగలను గ్రంథస్థం చేయడానికి 2005లో మొదలుపెట్టిన కాజిల్ జాగిగ్ గ్రంథమాల అసంపూర్ణంగా మిగిలిపోయింది.

అనంతర పరిణామాలు

2000లో విజార్డ్స్ సంస్థ ఓపెన్ గేమ్ లైసెన్స్ పేరిట మూల నియమాలను ఇతరులు వాడుకొనడానికి అనుమతించింది. దాని ఆధారంగా 2006లో అభిమానులు గైగాక్స్ పాత నియమాలను ఆస్రిక్ పేరుతో తిరిగి వ్రాసుకున్నారు. 2023 జనవరిలో ఆ అనుమతిని మార్చబూనగా ఆటగాళ్ళు తీవ్రంగా ప్రతిఘటించారు. సంస్థ వెనుకకు తగ్గి మూల నియమాలను క్రియేటివ్ కామన్స్‌కు విడుదల చేసింది.

పెట్టుబడి సేకరణ పద్ధతి కూడా మారింది. డాన్ కే బీమాపై అప్పు తేవలసి వచ్చినచోట, 2009లో కిక్‌స్టార్టర్ ఆరంభమైన తరువాత అభిమానులే ముందస్తుగా సొమ్ము చెల్లిస్తున్నారు. 2019లో క్రిటికల్ రోల్ బృందం తాము ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథను బొమ్మల చిత్రంగా తీయడానికి 1.1 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. ఇటువంటి దాతలకు పని ఎంతవరకు వచ్చినదో, ఎందుకు ఆలస్యమైనదో ఎప్పటికప్పుడు తెలియజేయవలసిన బాధ్యత రూపకర్తలపై పడింది.

గైగాక్స్ స్మృత్యర్థం లేక్ జెనీవాలో 2009 నుండి గారీ కాన్ అనే ఆటల సమావేశం నడుస్తున్నది. ఇతడు ప్రారంభించిన జెన్ కాన్ 2003లో ఇండియానాపోలిస్ నగరానికి తరలింది.