మన సీమ శిస్తు - మన్రో దొర

ఉగాదినాడు పంచాంగంలో ఆదాయ వ్యయాలు వింటాము. బళ్ళారి కంటోన్మెంటు తెలుగువారము, మన సీమ ఆదాయ వ్యయాల తగవు తీర్చిన సర్ థామస్ మన్రోను నేడు తలచుకొనుట ఉచితము.

కుంఫిణీ సైన్యపు ఖర్చుకు బదులుగా 1800లో నిజాము ఈ దత్తమండలమును వదలుకొన్నాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో భూములు కొలిపించి, రైతువారీ శిస్తు నిర్ణయించాడు. అది రైతుకు మోయరాని బరువని గ్రహించి, నాలుగోవంతు తగ్గించవలెనని 1807లో వ్రాశాడు. రాబడి వదులుకొనుటకు మద్రాసు ప్రభుత్వం సమ్మతించలేదు. గ్రామగుత్తల పక్షమే నెగ్గింది. మన్రో స్వదేశంలో పార్లమెంటు ఎదుట రైతువారీని సమర్థించాడు. 1820లో తానే గవర్నరై వచ్చిన పిదప ఆ తగ్గింపు అమలైంది.

1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. ఖజానా లోటు నాగలి మీద మోపరాదని వాదించినవానికి ఇంతకంటె శాసనమేల?