ద్విపదకు పట్టము గట్టిన పాల్కురికి సోమనాథుడు

నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథ కవి జన్మస్థలము. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. పండ్రెండు, పదమూడు శతాబ్దుల సంధికాలపు వాడని కొందరు పండితులును, కాకతీయ ప్రతాపరుద్రుని నాటివాడని మరికొందరును నిర్ణయించిరి.

నన్నయ భారతమును పద్యగద్య మిశ్రమమైన చంపూమార్గమున రచించెను. సోమనాథుడు వేరొక త్రోవ త్రొక్కెను. మడివాలు మాచయ్య, కుమ్మర గుండయ్య, మాదర చెన్నయ్య వంటి కాయకజీవుల చరిత్రములు ఆ కాయకజీవుల చెవులకే అందకున్న ఫలమేమి? కావుననే ఆయన పాటకు దగ్గరి చుట్టమైన ద్విపదను చేపట్టెను.

విద్యార్థులు దీని లక్షణమును సులభముగా గుర్తుంచుకొనవచ్చును. ద్విపదకు పాదములు రెండు. ఒక్కొక్క పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండును. మూడవ గణము మొదటి యక్షరము యతిస్థానము. రెండు పాదములందును రెండవ యక్షరపు హల్లు ఒక్కటియే యగుట ప్రాస. ప్రాస విడిచినచో అది మంజరీ ద్విపద యగును.

ఈ ఛందస్సులోనే బసవపురాణము ఏడాశ్వాసములుగను, పండితారాధ్య చరిత్రము ఐదు ప్రకరణములుగను వెలసినవి. తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు నాటి జానపద గేయభేదములను రెండవ గ్రంథము పేర్కొనుచున్నది.

పండితులందరును దీనిని మెచ్చలేదు. ఓరుగంటి శివాలయమున బసవపురాణ పఠనము జరుగుచుండగా ప్రతాపరుద్రుడు విచ్చేసెననియు, ఇది యతినియమము తప్పిన ద్విపద, ప్రమాణము కాదని ఒకడు చెప్పగా రాజు వినక వెడలిపోయెననియు తరువాతి కవి పిడపర్తి సోమన చెప్పెను. కథ యెట్లున్నను, దేశి కవిత నాడెదుర్కొన్న చిన్నచూపు ఇందు స్పష్టము.

వృత్తరచన చేతగాక ఆయన ద్విపదను ఆశ్రయించెనన్న మాట చెల్లదు. వృత్తములతో వృషాధిప శతకమును రచించెను. ఒకే మకుటముతో నూరింటికి మించిన పద్యములు గలది శతకము. సంబోధనతో గూడ ఎనిమిది విభక్తులలో ఒక్కొక్క దానికి ఒక వృత్తము, కళిక, ఉత్కళిక చొప్పున కూర్చునది ఉదాహరణము. ఆయన బసవోదాహరణము ఇట్టిదే. బసవ రగడయు ఆయన కృతియే.

1369లో భీమకవి బసవపురాణమును కన్నడీకరించెను. 1990లో అది ఆంగ్లమునను వెలువడెను. గౌరన హరిశ్చంద్ర కథను ద్విపదలోనే చెప్పెను. పల్నాటి వీరచరిత్ర మంజరిలో నడచెను. రాజసభ కాదన్నను ద్విపద నిలిచినది.

సోమనాథుడు కర్ణాటకమందలి కల్యమున శివైక్యమందెనని సంప్రదాయము.