తల్లినీ టీచరునూ ఒకచోట కూర్చోబెట్టిన డాక్టరు

ఆత్మన్యూనత అనే మాట మా స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోతే, వాడికి ఆ మాట తగిలించి మేం ఊరుకుంటాం. ఆ మాటను లోకంలో ప్రచారానికి తెచ్చిన డాక్టరు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ మాత్రం అంతటితో ఊరుకోలేదు.

ఆడ్లర్ 1870 ఫిబ్రవరి 7న ఆస్ట్రియాలోని వియన్నా శివారులో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. రికెట్స్ జబ్బుతో ఎముకలకు బలం లేక, అన్న పరుగులు తీస్తుంటే తాను కూర్చుని చూసేవాడు. పసి తమ్ముడు కళ్లముందే పోయాడు. తరువాత తనకే నిమోనియా వచ్చింది. డాక్టరు ఆశ వదులుకున్నాక బతికాడు. తానూ డాక్టరు కావాలని అప్పుడే అనుకున్నాడట. బడిలో లెక్కలు తప్పాడు. చదువు మాన్పించి చెప్పులు కుట్టే పని నేర్పించమని టీచరు చెప్పాడని, తండ్రి వినలేదని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు.

1895లో వైద్య పట్టా తీసుకున్నాడు. 1902లో ఫ్రాయిడ్ బృందంలో చేరి, 1911లో అభిప్రాయభేదాలతో విడిపోయాడు. పెద్దల మధ్య తాను చిన్నవాణ్నన్న భావం ప్రతి బిడ్డకూ ఉంటుంది, ఎదగడానికి అదే తోడ్పడుతుంది అన్నది ఆయన ఆలోచన. ధైర్యం చెడినప్పుడే మొండితనం, అబద్ధాలు, బడి ఎగ్గొట్టడం మొదలవుతాయని ఆయన నమ్మాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి తిరిగొచ్చాక, వియన్నాలో పిల్లల కోసం సలహా కేంద్రాలు ప్రారంభించాడు. అవి క్రమంగా రెండు డజన్లు దాటాయి. చాలావరకు బడుల్లోనే నడిచేవి. ఫీజు లేదు. ముందుగా టీచరు పిల్లవాడి సంగతులు రాసి తెచ్చేవారు. ఆడ్లర్ వాటిని టీచర్ల ముందు చదివి, ఆ ప్రవర్తనతో బిడ్డ ఏం సాధించాలనుకుంటున్నాడో వివరించేవాడు. తరువాత తల్లితో మాట్లాడేవాడు. తప్పంతా ఆమెదే అనేవాడు కాదు. చివరికి పిల్లవాడిని పిలిచి స్నేహంగా మాట్లాడేవాడు. ఇంట్లో ఏం మార్చాలి, క్లాసులో ఏం మార్చాలి అన్నది అందరూ కలిసి అనుకునేవారు.

అంతమంది ఎదుట బిడ్డను ప్రశ్నించడం మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. నేటి మానసిక నిపుణులు ఏకాంతంగానే మాట్లాడతారు, విన్నది గోప్యంగా ఉంచుతారు. అయితే అమ్మానాన్నలనూ టీచరునూ కలుపుకొని పనిచేయడం మాత్రం నేటికీ ఉంది.

1934లో ఆస్ట్రియాలో నియంతృత్వం వచ్చి ఆ కేంద్రాలు మూతపడ్డాయి. ఆడ్లర్ అమెరికాలో స్థిరపడ్డాడు. ఉపన్యాసాల కోసం స్కాట్లండ్ వెళ్లి, 1937 మే 28న అబర్డీన్ వీధిలో నడుస్తూ గుండెపోటుతో కూలిపోయి మరణించాడు.

బడి నుంచి కబురొస్తే తిట్లు తినాలేమోనని భయపడుతూ వచ్చే తల్లులను మేం చూస్తూనే ఉన్నాం. నిపుణుడి దగ్గరకు వెళ్దామంటే, పిచ్చి అన్న ముద్ర పడుతుందని వెనకాడే తండ్రులూ ఉన్నారు. ఆ భయంలో మా పాలూ ఉంది. డైరీలో చదవడం లేదు అని ఒక్క ముక్క రాసి పంపితే ఎవరికి ఉపయోగం? ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు, ఏ పీరియడ్‌లో ఉన్నాడు, ఏ పని ఇష్టంగా చేస్తున్నాడు అన్నవి కూడా మేం రాయాలి. నిద్ర, తిండి, ఇంట్లో వచ్చిన మార్పులు మీరు చెప్పాలి. నిపుణుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ రెండూ మన చేతిలో ఉంటే, పిల్లవాడి గురించి మాటలు మొదలుపెట్టడానికి అవి చాలు.