అషూర్బనిపాలుని ఈటెయు గంటమును

క్రీ. పూ. 669లో తండ్రి మరణింపగా అషూర్బనిపాలుడు అసీరియా దేశమునకు రాజయ్యెను. టైగ్రిస్ నదీతీరమునందలి నినెవె నగరము ఆతని రాజధాని.

ప్రజలను క్రూరమృగములనుండి కాపాడుట రాజధర్మమని ఆ దేశీయుల విశ్వాసము. అందుచే సింహముల వేట రాజులకు ప్రతిష్ఠాకరమైన కార్యమయ్యెను. బోనులలో తెచ్చిన సింహములను సేవకులు విడువగా, అషూర్బనిపాలుడు గుఱ్ఱముపైనుండి, మీదికి దుమికెడి సింహము నోట ఈటెను గ్రుచ్చి చంపెడివాడు. ఆ వేటను ఆతడు రాజమందిరపు గోడలపై చెక్కించెను. శిల్పులు రాజు పరాక్రమమునే గాక మృగముల వేదననుగూడ చూపిరి. బాణములు నాటి వెనుకకాళ్లు చచ్చుబడినను, ముందుకాళ్లపై లేచి గర్జించుచున్న ఆడుసింహమును చూచి జాలిపడనివారుండరు.

ఆ శిల్పములందు మఱియొక విశేషము గలదు. వేటాడుచున్న రాజు నడికట్టులో వ్రాయు గంటము దోపబడియున్నది. రాజులలో అక్షరజ్ఞానము అరుదైన ఆ కాలమున ఆతడు చదువను వ్రాయను నేర్చెను. మట్టిపలకలపై లిఖింపబడిన గ్రంథములను వేలకొలదిగ సేకరించి గొప్ప గ్రంథాలయమును నెలకొల్పెను.

క్రీ. పూ. 612లో శత్రువులు నినెవెను ముట్టడించి తగులబెట్టిరి. ఈటెతో నిలిపిన రాజ్యము నశించెను. మట్టిపలకలు మాత్రము పెక్కు మంటలలో కాలి గట్టిపడి, 19వ శతాబ్దమున త్రవ్వకములలో బయల్పడెను. ఆ ప్రాచీనుల విద్యలనేకము వానివలననే నేడు మనకు తెలియుచున్నవి.