అర్ధసేరు గింజలు, ఒక అణా
సర్ రిచర్డు టెంపుల్ దొర జీవితము

మోషే నలువది సంవత్సరములు ఇశ్రాయేలీయుల సణుగుడు సహించి వారిని అరణ్యములో నడిపించెను. మెరీబా యొద్ద బండతో మాటలాడుమని ఆజ్ఞ పొందియు, కోపముచేత దానిని రెండుమారులు కొట్టెను. అందువలన అతడు కనానును కొండమీదనుండి చూచెనే గాని అందులో కాలు మోపలేదు. సంఖ్యాకాండము 20వ అధ్యాయము చదివినప్పుడెల్ల మన సంఘములలో ఎవరో ఒకరు, ఇంత సేవకు ఇదియా ఫలము అని అడుగుచుందురు. అయినను దేవుడు మోషేను మరువలేదు, అతని పేరు చెరపలేదు. మనుష్యులు అట్టివారు కారు. తొంబదితొమ్మిది మేళ్లు మరచి ఒక్క కీడునే తలపోయుదురు. అట్లు తలపోయుట న్యాయమేనా? ఒక్కొక్కప్పుడు న్యాయమే కావచ్చును. ఈ నెల మన జిల్లాల చరిత్రతో సంబంధముగల ఒక దొర జీవితమును చదువరుల ముందుంచి ఆ సంగతి ఆలోచింపగోరుచున్నాము.

రిచర్డు టెంపుల్ 1826లో ఇంగ్లాండులోని వూస్టరుషైరు సీమలో, కెంప్సీ అను గ్రామమున కలిగిన కుటుంబములో పుట్టెను. రగ్బీ పాఠశాలలోను, హెయిలీబరీ కళాశాలలోను చదివి, ఇరువది యేండ్లు నిండిన కొలదికాలమునకే కంపెనీ ఉద్యోగియై కలకత్తా చేరెను. పంజాబులో జాన్ లారెన్సు దొరవద్ద కార్యదర్శిగానుండి పేరు తెచ్చుకొనెను. గుఱ్ఱముమీద దూరప్రయాణములు చేయుటలోను, పెద్ద పెద్ద నివేదికలు త్వరగా వ్రాయుటలోను అతనికి సాటివారు తక్కువ. రంగులతో చిత్రములు వేయుట కూడ అతనికి వచ్చును.

1862 మొదలు మధ్యపరగణాలకు చీఫ్ కమీషనరుగా ఉండెను. ఆ నాగపూరులోనే స్టీఫెన్ హిస్లాపు అను స్కాట్లాండు మిషనెరీగారు గోండులు మొదలైన అడవిజాతులవారి మాటలను, ఆచారములను, పాటలను ఓపికతో వ్రాసికొనుచుండెను. 1863లో ఆయన ఏటిలో పడి మరణించెను. ఆ కాగితములు చెదలపాలు కాకుండ టెంపుల్ వాటిని సరిచూచి 1866లో అచ్చువేయించెను. తన పేరు పెట్టుకొని ప్రకటించుకొనగల పనిని చనిపోయిన పాదిరిగారి పేరనే వెలువరించుట మాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. తరువాత 1867లో కొన్ని నెలలు హైదరాబాదులో రెసిడెంటుగా ఉండెను. అప్పుడు అక్కడ దివాను మొదటి సాలార్‌జంగు. 1868 మొదలు 1874 వరకు వైస్రాయి సభలో ఆర్థికసభ్యుడు.

ఇక కరవుల సంగతి. 1866లో ఒరిస్సాలో ఘోరమైన కరవు వచ్చి సుమారు పది లక్షలమంది చనిపోయిరి. అప్పటి బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సిసిల్ బీడను దొర ముందుగా మేల్కొనలేదు. ధాన్యము తెప్పించుటకు పూనుకొనునప్పటికి వర్షములు వచ్చి ఓడలు తీరమునకు చేరలేకపోయెను. బీడనుగారి ఉద్యోగమును, పేరును దానితోనే ముగిసెను. కావున 1873లో బీహారులో పంట పోయినప్పుడు, మరల అట్లు కారాదని వైస్రాయి నార్తుబ్రూకు ప్రభువు టెంపులును అక్కడికి పంపెను. 1874లో టెంపుల్ బెంగాలుకు లెఫ్టినెంటు గవర్నరాయెను. బర్మానుండి నాలుగు లక్షల టన్నులకు పైగా బియ్యము తెప్పించిరి. బండ్లు, పడవలు కూర్చిరి, కొంతదూరము క్రొత్త రైలుమార్గము వేసిరి. పనిచేయగలవారికి పని, చేయలేనివారికి ఊరిలోనే గింజలు ఇచ్చిరి. ఆకలిచావులు బహు స్వల్పము. అంతటి కరవులో ఇట్లు జరిగినది అరుదు.

దానికి అతనికి దొరకిన బహుమానమేమి? నింద! ఆరు కోట్ల రూపాయలకు పైగా ఖర్చాయెననియు, మిగిలిన బియ్యము నష్టమునకు అమ్మవలసివచ్చెననియు, జనులకు సోమరితనము నేర్పెననియు కలకత్తాలోను లండనులోను పత్రికలు అతనిని ఎగతాళి చేసెను. ప్రాణములు దక్కినవి గనుకనే కరవు అంత పెద్దది కాదని కొందరు వాదించిరి. ఈ నింద టెంపులు మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనెనని తరువాతి అతని నడత చూచినవారికి తోచును.

రెండేండ్లు తిరిగెను. 1876లో దక్షిణదేశమున వానలు తప్పెను. అది ధాతనామ సంవత్సరము. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనినది దీనినే. అంతకుముందు 1833లో గుంటూరు సీమను పాడుచేసిన నందన కరవు వేరు. ఆ కాలమున మన సత్తెనపల్లి తాలూకా కృష్ణా జిల్లాలోనిది. ఆనకట్ట నీరు డెల్టాకే గాని మన మెట్టలకు రాదు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎక్కువగా దెబ్బతినెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. మదరాసు గవర్నరు బకింగుహాం ప్రభువు 30,000 టన్నుల ధాన్యము ముందుగా కొనిపించగా, వర్తకములో ప్రభుత్వము చేయి పెట్టరాదని వైస్రాయి లిట్టన్ ప్రభువు కోపించెను. ఖర్చు తగ్గించుటకు ఎవరిని పంపవలెను? మితిమీరి ఖర్చుపెట్టెనని నిందపడిన టెంపులునే 1877 జనవరిలో పంపెను.

టెంపుల్ మదరాసు రాజధాని జిల్లాలను వడివడిగా చుట్టివచ్చెను. పని నిజముగా అక్కరలేదని తోచిన లక్షలాదిమందిని కరవుపనులనుండి తీసివేయించెను. మిగిలినవారికి కూలి తగ్గించెను. పురుషునికి దినమునకు ఒక పౌను గింజలు, ఒక అణా. స్త్రీలకును పిల్లలకును ఇంకను తక్కువ. పౌను అనగా సుమారు 450 గ్రాములు, మన లెక్కకు అర్ధసేరు కంటె కొంచెము తక్కువ. ఎండలో దినమంతయు మిరప కోసినవారికిని, చెరువుమట్టి మోసినవారికిని ఆ గింజలు ఏ మూలకు వచ్చునో మేము చెప్పనక్కరలేదు. ఆ అణాతోనే ఉప్పు, పప్పు, కట్టెలు. కరవులో వాటి ధరలు మండుచుండెను.

మదరాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిషు డాక్టరుగారు దీనిని ఎదిరించెను. చెరసాలలో ఖైదీకి ఇచ్చు గింజలే ఇంతకంటె హెచ్చనియు, ఈ తిండితో పనిచేయు మనుష్యుడు దినదినము క్షీణించుననియు, ఒకటిన్నర పౌనుకు తగ్గరాదనియు లెక్కలతో చూపెను. టెంపుల్ వినలేదు. ఇది పరీక్షార్థమే, జనులు క్షీణించినట్లు కనబడినయెడల మార్చవచ్చును అనెను. ఇక్కడనే మాకు బాధ. మూడేండ్లక్రిందట బీహారులో మనుష్యుని కడుపుకు ఎంత కావలెనో తన కన్నులతో చూచినవానికి ఈ పరీక్ష ఎందుకు? తెలియనివాడు చేసిన తప్పు కాదిది. తెలిసినవాడు మాటపడుటకు జంకి చేసిన తప్పు.

తరువాత 1877లోనే మదరాసు ప్రభుత్వము కూలిని పెంచెను. అయితే ఆ వేసవి వానలు కూడ తప్పెను. బలము పోయిన దేహములమీద కలరా, జ్వరములు పడెను. 1878 వరకు సాగిన ఆ కరవులో బ్రిటిషు పాలనలోని జిల్లాలలోనే ఏబది లక్షలకు మించి చనిపోయిరని లెక్క. వారందరును టెంపులు కూలివలననే చనిపోయిరనుట న్యాయము కాదు. వాన తప్పించినది అతడు కాదు. ఆజ్ఞ ఇచ్చినది లిట్టన్ ప్రభువు. కాని ఆ కూలికి టెంపులు కూలి అని పేరు నిలిచెను, ఆ పేరు ఇప్పటికిని పోలేదు. మోషే తప్పునకు ముఖ్యముగా మోషేయే నష్టపడెను. ఈ తప్పునకు నష్టపడినవారు వేరొకరు. వారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. అందుచేత, ఒక్క తప్పు కొరకు ఇంత నిందయా అని అడుగువారితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము.

ఆ దినములలోనే ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు సముద్రతీరపు కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొనిరి. కరవుపనులలో మాదిగలైన మన విశ్వాసులను మేస్త్రీలు హింసించుచుండుట చూచి, బోధకులనే పనిమీద పెట్టి కూలి సరిగా చేతికందునట్లు చేసిరి. తిండికొరకు వచ్చిరను మాట రాకుండ కరవుపని జరిగినన్నాళ్లు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మందికి బాప్తిస్మము జరిగిన సంగతి మన యిండ్లలో పిల్లలకును తెలియును. వారిలో ఎక్కువమంది ఈ కరవును దాటివచ్చినవారే.

టెంపుల్ ఆ సమయమునకు మన ప్రాంతములో లేడు. 1877 వేసవినుండి 1880 వరకు బొంబాయి గవర్నరుగా ఉండి స్వదేశము వెళ్లి, 1885 మొదలు 1895 వరకు పార్లమెంటులో కూర్చుండెను. ఇండియానుగూర్చి అనేక గ్రంథములు వ్రాసెను. అతని కుమారుడు రిచర్డు కార్నాకు టెంపులు పంజాబు జానపద కథలను సేకరించి పండితులలో పేరు పొందెను. 1880లో స్ట్రేచీ దొర అధ్యక్షుడుగానున్న కరవు కమీషను, కూలివాని ఆరోగ్యమును బలమును నిలుపునంత కూలి ఇయ్యవలెనని చెప్పెను. దానినిబట్టి కరవు నిబంధనలు ఏర్పడెను. 1896లోను, మరల 1899లోను ఈ దేశమున కరవులు వచ్చినప్పుడు అధికారులు ఆ నిబంధనలనే ముందుపెట్టుకొనిరి. టెంపుల్ అప్పటికి బ్రతికియే యుండెను. 1902 మార్చి 15న లండనులోని హాంప్‌స్టెడులో, డెబ్బదియారేండ్ల వయస్సున మరణించెను.