మరపును కొలిచిన మనిషి

కర్ణాటకలో మా తెలుగు బడి పిల్లలకు కన్నడం రాసేటప్పుడు తెలుగు తలకట్టు వచ్చేస్తుంది. తెలుగు రాసేటప్పుడు కన్నడ అక్షరం దొర్లుతుంది. అది చూసి, రెండూ ఎక్కడం లేదు, తెలుగు మాన్పించేద్దామా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ నిర్ణయానికి ముందు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ కథ తెలుసుకోవాలి.

ఆయన 1850 జనవరి 24న జర్మనీలోని బార్మెన్‌లో ఒక వ్యాపారి ఇంట పుట్టారు. 17వ ఏట బాన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే సైన్యంలో పనిచేశారు. 1873లో డాక్టరేట్ పొందాక కొన్నేళ్లు ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో పిల్లలకు చదువు చెబుతూ గడిపారు. ఆ రోజుల్లోనే పాత పుస్తకాల అంగడిలో ఫెక్నర్ గ్రంథం ఆయన కంటపడింది. ఇంద్రియాల అనుభూతిని లెక్కల్లో కొలవవచ్చని చెప్పే పుస్తకమది. అలాగైతే జ్ఞాపకాన్నీ కొలవవచ్చని ఆయనకు తోచింది.

ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. తన మీదే ప్రయోగం చేసుకున్నారు. హల్లు, అచ్చు, హల్లు కలిపి అర్థం లేని మాటలు సుమారు 2,300 తయారుచేశారు. వాటిని జాబితాలుగా పేర్చి, గడియారం టిక్కులకు సరిగ్గా చదివి కంఠస్థం చేశారు. కొంత వ్యవధి తర్వాత అదే జాబితాను మళ్లీ నేర్చుకుని, రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో లెక్కగట్టారు. 1879-80లో ఒకసారి, 1883-84లో మరోసారి ఇదే తపస్సు. 1885లో ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, ఒక రోజుకు 34 శాతం, 31 రోజులకు 21 శాతం. బి.ఎడ్.లో మనం చదివిన విస్మృతి వక్రరేఖ ఇదే.

1894లో ఆయన బ్రెస్లావ్ వెళ్లారు. బడి వేళల్లో పిల్లలు ఎంత అలసిపోతున్నారో తేల్చమని ఆ నగర పెద్దలు కోరితే, వాక్యాల్లో ఖాళీలు పూరించే పరీక్ష రూపొందించారు. 1909 ఫిబ్రవరి 26న హాలే నగరంలో న్యుమోనియాతో కన్నుమూశారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఒక్క రోజులో అంత మరపు ఎందుకన్న ప్రశ్న మిగిలింది. 1957లో అమెరికా శాస్త్రవేత్త బెంటన్ అండర్‌వుడ్ పలువురి ప్రయోగాలను పోల్చి చూశారు. ఒకే జాబితా నేర్చినవారు మర్నాడు దాదాపు నాలుగింట మూడు వంతులు చెప్పగలిగారు. అంతకుముందే ఇరవై దాకా జాబితాలు నేర్చినవారికి ఐదో వంతు చెప్పడమే కష్టమైంది. ఎబ్బింగ్‌హాస్ తలలో అప్పటికే ఎన్నో జాబితాలు ఉన్నాయి. ఒకదానినొకటి పోలిన పాత మాటలు కొత్త వాటికి అడ్డుపడ్డాయి. దీన్నే పురోగమన అవరోధం అంటాం. కొత్తది వచ్చి పాతదానికి అడ్డుపడితే తిరోగమన అవరోధం.

అంటే అంతటి మేధావికి కూడా అడ్డుపడింది బుర్ర తక్కువ కావడం కాదు, పోలికల పోటీ. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. వాటిని నేర్చే పిల్లలు తడబడుతున్నారంటే, రెండూ తలలోకి వెళ్లి పోటీ పడుతున్నాయన్నమాట.

మందు కూడా ఆయన పుస్తకంలోనే ఉంది. ఒకే రోజు 68 సార్లు చదివితే వచ్చే ఫలితం, మూడు రోజులకు పంచితే 38 సార్లకే వచ్చింది. అందుకే మేము తెలుగు, కన్నడ రాత పీరియడ్లను పక్కపక్కన పెట్టడం మానేశాం. ఒక లిపి చేతికి కుదిరాకే రెండోదానితో పోల్చి తేడా చూపిస్తున్నాం. ఇంట్లోనూ ఒక పూట ఒకే లిపి రాయించండి. రోజూ పది నిమిషాలు చాలు. మరిచినట్టు కనిపించినా కంగారు పడొద్దు. మళ్లీ నేర్చేటప్పుడు పట్టే సమయం తగ్గిందంటే మొదటి చదువు వృథా పోలేదనే అర్థం. తెలుగు మాన్పించే ముందు ఆ ఆదాను ఒకసారి గడియారం పెట్టి చూడండి.