కరువును తూకం వేసి చూపిన సంపాదకుడు



ఫలక్‌నుమా కొండమీది మహల్‌కు 1884లో పునాది వేశారని మీలో చాలామంది వినే ఉంటారు. దానికి ఏడెనిమిదేండ్ల ముందు ఈ దక్కనులో ఎలాంటి కాలం నడిచిందో తెలిసినవారు తక్కువ. 1876లో వానలు లేవు. అది ధాత నామ సంవత్సరం కాబట్టి పెద్దలు ధాత కరువు అన్నారు. నైజాం రాజ్యంలోనూ, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లోనూ జనం అల్లాడిపోయారు. ఆ బాధను లోకానికి తెలిపిన పత్రికా రచయిత విలియం డిగ్బీ.

ఆయన 1849లో ఇంగ్లాండులో విస్‌బెచ్ దగ్గర పుట్టాడు. బడి చదువు కొద్దిపాటిదే. చిన్ననాడే ఊరి పత్రికలో పనికి కుదిరాడు. 1871లో సింహళం వెళ్లి సిలోన్ అబ్జర్వర్‌లో చేరాడు. 1877లో మద్రాస్ టైమ్స్ సంపాదకుడుగా వచ్చేసరికి కరువు ముదిరి ఉంది.

అప్పటి వివాదం ఒక మాట చుట్టూ తిరిగింది. ఖర్చు తగ్గించడానికి పంపబడిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగవాడికి రోజుకు పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్ది డబ్బు చాలునన్నాడు. కాగితాలమీద దాని పేరు కూలి. ఆలోచించండి. కూలి అంటే తిని మరునాడు మళ్లీ పనికి లేవగలిగేంత ఉండాలి. పనిచేసినవాడు నానాటికీ చిక్కిపోతుంటే ఆ పేరే అబద్ధం. ఆ తిండి చాలదని ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. డిగ్బీ ఆయన పక్షం వహించాడు. కన్నీటి మాటలతో సరిపెట్టక లెక్కలు, నివేదికలు ముందుంచాడు.

సహాయనిధి కావాలని ఆయన పట్టుబట్టాడు. 1877 ఆగస్టులో మద్రాసులో సభ జరిగింది. లండన్‌కు విజ్ఞప్తి వెళ్లింది. సుమారు 8 లక్షల 20 వేల పౌండ్లు పోగయ్యాయి. పంపిణీ సంఘానికి ఆయనే గౌరవ కార్యదర్శి. 1878లో ఆ కరువు చరిత్రను రెండు సంపుటాలుగా రాశాడు. మృతులు 55 లక్షలనీ, కోటి దాకా ఉంటారనీ లెక్కలు వేరువేరుగా ఉన్నాయి.

స్వదేశం వెళ్లాక 1889లో కాంగ్రెసు బ్రిటిష్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఇండియా పత్రిక నడిపాడు. 1901 నాటి తన గ్రంథానికి సంపన్న బ్రిటిష్ ఇండియా అని పేరు పెట్టి, సంపన్న అనే మాటను మాత్రం కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాడు. ప్రభుత్వం చెప్పుకునే మాటను దానికే అప్పగించడమన్నమాట. 1904లో మరణించాడు.

అదే కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలు నేటికీ ఉన్నాయి. ఎముకల గూళ్లవంటి మనుషులు వాటిలో వరుసగా కూర్చుని ఉంటారు. వారి పేర్లు లేవు. అవి చూసినవారికి జాలి కలుగుతుంది. ఆ మనిషికి రోజుకు ఎంత గింజ అందిందో, ఎవరు తగ్గించారో తెలియాలంటే మాత్రం డిగ్బీవంటి వారి రాత కావాలి.

రేపు మీ పత్రికలో ఒక చావు వార్త చదివినప్పుడు, అది జబ్బువల్ల జరిగిందని రాసి ఉంటే, ఆ ఇంట్లో పొయ్యి చివరిసారి ఎప్పుడు వెలిగిందో కూడా రాశారేమో చూడండి.